నిలకడ లేని చెయ్యి

ఈస్ట్ కణంలో పని అయిపోయిన ఆర్ఎన్ఏను ముక్కలు చేసే ఎంజైము ఒకటుంది. బుజ్జి దాని జన్యువును తీసేసింది. పాత ఆర్ఎన్ఏ ముక్కలవకపోతే కణంలో గుట్టగా పేరుకోవాలి. పేరుకోలేదు. ఎన్నిసార్లు కొలిచినా మామూలు కణంలో ఉన్నంతే వచ్చింది.

ప్రొఫెసరు గ్రాఫు చూసి పక్కన పడేశాడు. చేతికి నిలకడ లేదన్నాడు. "మీ వదినా ఇదే పట్టుకొచ్చి నా ప్రాణం తీసింది. మీ ఇంటికి పిపెట్ అచ్చిరాదేమో."

వదిన ఒకప్పుడు ఈ ప్రొఫెసరు ల్యాబులోనే పనిచేసిందని బుజ్జికి తెలుసు. ఓపిక లేక మానేసిందని ఇంట్లో అనుకునేవాళ్ళు. వదిన ఎప్పుడూ కాదనలేదు. ఇప్పుడు రక్తపరీక్షల సెంటర్లో పనిచేస్తోంది. పరీక్షలు ముట్టుకోదు, ట్యూబులకు లేబుళ్ళు అంటిస్తుంది.

ఇద్దరి చేతులూ ఒకేలా ఎలా తప్పుతాయి? బుజ్జికి ఆ మాట మింగుడుపడలేదు. ముక్కలవడం తగ్గినా మొత్తం పెరగలేదంటే, తయారీ కూడా తగ్గి ఉండాలి. ప్రొఫెసరుకు చెప్పకుండా, కొత్తగా తయారయ్యే ఆర్ఎన్ఏలో మాత్రమే చేరే రసాయనాన్ని కణాలకు పెట్టి చూసింది. అనుకున్నదే నిజమైంది. పాతది పోవడం లేదని కణం ఎలాగో పసిగట్టి, కొత్తది తయారుచేయడంలో చెయ్యి బిగించింది.

ఆదివారం వదిన దగ్గరికి పరుగున వెళ్ళింది. వదిన మంచం మీద ఆరిన బట్టలు పోసుకుని మడతపెడుతోంది. బుజ్జి గుక్కతిప్పుకోకుండా అంతా చెప్పింది. వదిన మధ్యలో ఒక్కటే అడిగింది, పక్కన మామూలు కణాలు కూడా పెట్టి చూశావా అని. చూశానంది బుజ్జి.

"నీ చేతుల్లో ఏ తప్పూ లేదు వదినా."

వదిన దుప్పటి అంచులు కలపబోయి ఆగిపోయింది.

"ఆయన అన్నది నమ్మేశాను బుజ్జీ. నమ్మాకే కాస్త నిద్రపట్టింది. ఇప్పుడొచ్చి తప్పు నాది కాదంటున్నావు. ఈ మాట నేనెక్కడ పెట్టుకోను?"

పరిశోధన పేపర్లో నీ పేరే ముందు పెడతానంది బుజ్జి. వద్దంది వదిన. మీ అన్నయ్యతో కూడా అనకు అంది. తర్వాత భోజనం చేశావా అని అడిగింది.

కొత్త కొలతలు చూసి ప్రొఫెసరు ఒప్పుకున్నాడు. వదిన పేరు లేకుండానే పేపరు వచ్చింది. మీటింగులో ప్రొఫెసరు తనకు మొదటినుంచీ ఈ అనుమానం ఉండేదని చెప్పుకున్నాడు. ఎవరితోనూ అనొద్దన్న వదిన మాటకు కట్టుబడి, బుజ్జి తలవంచుకుని కూర్చుంది.

వదిన ఫోన్లు తగ్గిపోయాయి. చేసినా పిల్లల జ్వరాల గురించో, నీళ్ళు రాకపోవడం గురించో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేస్తుంది. బుజ్జి ఇంకేదో అందామనుకునేలోపే అవతల లైను కట్టవుతుంది.