చేతివాటం

నేను ఒక మట్టి పలకను. అరచేయంత ఉంటాను. పైన మేకుకు తగిలించడానికి ఒక బెజ్జం, వెనక 47 అని గీసిన అంకె. నన్ను ఎవరూ ముచ్చటపడి చేయలేదు. పెద్ద పళ్లేలు పాడుకాకుండా ముందు మా మీద రంగులు వేసి, బట్టీలో కాల్చి చూస్తారు. బాగా వస్తే పేరు పళ్లేనికి, చెడితే చెత్తబుట్ట మాకు. మా జాతి బతుకు అంతే.

నన్ను చేసిన అమ్మాయి హిమజ. మదనపల్లె పిల్ల. హైదరాబాదులో ఒక కళాశాలలో చిత్రకళలో పైచదువు, ఆఖరి సంవత్సరం. పెయింటింగుతో మొదలుపెట్టి, మట్టిపని మరిగి, ఆ తర్వాత శ్రీకాళహస్తిలో కలంకారీ చూసి మూడింటినీ వదల్లేకపోయింది. గుడ్డ మీద వెదురు కలంతో గీసే ఆ సన్నటి గీతను మట్టి పళ్లేల మీదికి తేవాలని, వాటిని గోడంతా పరిచి ఒకే చిత్రంగా నిలబెట్టాలని ఆమె కోరిక.

ఆమెకు పని చూసే మాస్టారు భుజంగరావు గారు. చెడ్డవాడు కాదు గానీ ఒక ప్రశ్న పట్టుకుంటే వదిలే మనిషి కాదు. "బొమ్మలు వేసేవాళ్లు ఉన్నారు, మట్టి కాల్చేవాళ్లు ఉన్నారు, కలం పట్టేవాళ్లు ఉన్నారు. ఇందులో నీ సొంతం ఏముందమ్మా? అది చూపించకపోతే పట్టా ఎలా ఇవ్వమంటావు?" అన్నాడు. ఆ "సొంతం" అన్న మాట ఆ పిల్లకు అన్నం సయించనివ్వలేదు.

సొంతం సంగతి తర్వాత, అసలు గీతే నిలవలేదు. ఒకసారి కాల్చిన మట్టికి దాహం ఎక్కువ. కలం ఆనించగానే సిరా పీల్చుకుని గీతను బురదలో కాలు పెట్టినట్టు చేసేస్తుంది. నా ముందు నలభై ఆరుగురు అలాగే పోయారు. వాళ్లను పగలగొట్టి పోసిన కుప్ప పక్కనే నన్ను ఆరబెట్టారు. నా గుండె ఎలా ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

చివరికి హిమజ నన్నూ, మరికొన్ని పలకలనూ సంచిలో వేసుకుని శ్రీకాళహస్తి వెళ్లింది. అక్కడ మునిలక్ష్మమ్మ అనే అవ్వ ఉంది. యాభై ఏళ్లుగా కలంకారీ ఆమె పని. వాకిట్లో ఒక పక్క బెల్లంనీళ్లలో తుప్పు ఇనుము నానేసి చేసిన నల్ల సిరా ముంత, దాన్ని కసిం అంటారు. ఇంకో పక్క గేదెపాలలో కరక్కాయ పొడి కలిపిన బేసిన్. గీసే ముందు గుడ్డను ఆ పాలలో ముంచి ఆరబెడితేనే సిరా పాకకుండా ఉంటుంది.

హిమజ నన్ను అవ్వ చేతికిచ్చి, "ఒక చిలకను గీయవా అవ్వా?" అంది. అవ్వ మాటల్లో పడి, నన్ను చూడకుండానే తీసుకెళ్లి పాలలో ముంచేసింది.

"అయ్యో అవ్వా! అది గుడ్డ కాదు, మట్టి!"

అవ్వ నాలుక కరుచుకుంది. "పొరబాటైపోయింది పాపా. చేతి వాటం అది, పాలు కనపడితే ముంచేస్తాది. ఎండలో పెడతా ఉండు. ఎట్లా చెడిందే గదా, గీసి చూస్తాము."

ఆరాక గీసింది. చిలక ముక్కు ముక్కులాగే నిలిచింది. రెక్క మీద వెంట్రుకంత గీతలు కూడా చెదరలేదు. హైదరాబాదు వచ్చి బట్టీలో కాల్చాక సిరా నలుపు పోయి తుప్పు రంగు తేలింది గానీ గీత మాత్రం కదల్లేదు. నన్ను చేతుల్లో పెట్టుకుని హిమజ ఏడ్చింది. నాకూ సంతోషమే, మేకుకు వేలాడే యోగం పట్టింది కదా!

ఆ తర్వాతే నాకు కోపమొచ్చింది. పళ్లేలన్నీ పాలలో ముంచి గీసి కాల్చింది, బాగానే ఉంది. పట్టా కోసం వ్యాసం రాస్తూ, "ఈ పద్ధతి నేను స్వయంగా రూపొందించినది" అని రాసింది. ఆ కాగితాలు ఎగరకుండా బరువు పెట్టింది నన్నే. మనుషులకు సిగ్గులేని పనులు చేసేటప్పుడు సాక్షులను దగ్గర పెట్టుకోవడం అలవాటులా ఉంది.

మర్నాడు పొద్దున అవ్వ ఫోన్ చేసింది. "ఆ పలక కాలినాక ఎట్లొచ్చింది పాపా? నా పొరబాటుకు నీ పని చెడిపోయిందేమోనని ఒకటే దిగులుగా ఉండాది."

హిమజ నన్ను పక్కకు జరిపి, నా కింది కాగితాన్ని బయటికి లాగింది. తర్వాత, "నువ్వే వచ్చి చూడు అవ్వా" అని, ఫోన్ పెట్టేసి ఆ కాగితం చింపేసింది. నా కోపం అక్కడితో సగం తగ్గింది.

ప్రదర్శన రోజున గోడ నిండా పళ్లేలు. వాటి మధ్య మేకుకు నేను. నా కింద చీటీ: "మునిలక్ష్మమ్మ గారి చేతివాటం." చదివినవాళ్లంతా కిసుక్కున నవ్వారు. భుజంగరావు గారు కళ్లజోడు సవరించుకున్నాడు.

"చేతివాటమంటే దొంగతనం కదమ్మా! పెద్దావిణ్ణి పట్టుకుని ఆ మాటలేమిటి?"

"దొంగతనం చేయబోయింది నేను సార్. వాటం ఆమెది," అంటూ హిమజ పాల సంగతంతా చెప్పేసింది.

"అయితే ఇందులో నీ సొంతం ఏమీ లేదన్నమాట."

ఆ క్షణాన పట్టా పోయిందనే నేను అనుకున్నాను. అప్పుడు పక్కనే ఉన్న అవ్వ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"యాభై ఏండ్లు గుడ్డ మీదే గీసినాను సారూ. మట్టి మీద గీయమని ఒకరన్నా అడిగినారా? నా వాకిట్లోకి పలకలు మోసుకొచ్చింది ఈ పాపే గదా. ఆ అడగడం ఎవురి సొంతం?"

భుజంగరావు గారు పళ్లేల దగ్గరికి వెళ్లి ఆ గీతలను వేలితో తడిమి చూశాడు. ఆ ప్రశ్న మళ్లీ అడగలేదు. హిమజకు పట్టా వచ్చింది.

నన్ను అవ్వ అడిగి తీసుకుంది. ఇప్పుడు నేను ఆమె వాకిట్లో పాల చెంబు మీద మూతను. పిల్లి రెండుసార్లు కిందికి తోసింది, ఒక మూల పెచ్చు ఊడింది, ఫరవాలేదు. గుడ్డను ముంచే వేళకు అవ్వ నన్ను తీసి అరుగు మీద పెడుతుంది. ఈ మధ్య నా పక్కన ఇంకో నాలుగు మట్టి పలకలు కూడా ఉంటున్నాయి. వాటి వెనక వంకరటింకరగా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని అవ్వ గీసుకున్న అంకెలే. వాటిని ఒక్కొక్కటే తీసి, కళ్లారా చూసుకుని మరీ పాలలో ముంచుతోంది.