పైపుకి జ్వరం చూసేవాడు

నా తోడల్లుడు పైపు అతకడానికి థర్మామీటరు పట్టుకొస్తాడు. పైపుకేమైనా జ్వరమొచ్చిందా అని నలుగురిలోనూ అడిగాను. నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు చూస్తేనే నాకు ఒళ్లుమంట.

ఆరోజు ప్రసూతి ఆసుపత్రిలో వేడినీళ్ల పైపుకి కొత్త వాల్వు అతకాలి. చేతులు వణకడం మొదలైనప్పటి నుంచీ మా మామగారు పైపుల షాపు ఎవరికి అప్పగించాలా అని నాన్చుతున్నారు. "ఇవాళ మీ పని చూసి తాళాలిచ్చేస్తాను" అంటూ స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఇరవై రెండేళ్లుగా ఆ షాపులో పనిచేస్తున్నాను. నిన్నగాక మొన్న వచ్చినవాడితో నాకు పోటీ పెట్టారు.

ముందు తోడల్లుడు మంట పెట్టాడు. ఎంతసేపటికీ టంకం అంటుకోలేదు.

"వేడి తొంభై ఎనిమిది డిగ్రీల దగ్గరే ఆగిపోయిందండీ. లోపల నీళ్లు కారి మరుగుతున్నట్టున్నాయి" అని తన పనిముట్ల పెట్టెలో చెయ్యి పెట్టాడు.

ఇంకో మీటరు కాబోలు. "చాల్లే, తప్పుకో" అని భుజం పట్టి పక్కకి నెట్టాను.

బ్రెడ్డు ముక్క ఉండచేసి పైపులో కూరాను. కారే నీళ్లను అది పీల్చుకుంటుంది, తర్వాత నీళ్లు వదిలితే కరిగిపోతుంది. వాల్వు లోపలి రబ్బరు మాడకుండా పైన తడిగుడ్డ చుట్టాను. "నీ మీటరుకి తెలుసా ఇవన్నీ?" అంటూనే మంట పెట్టాను. నిమిషంలో టంకం కరిగి అతుకులోకి పాకింది. మామగారు తల ఊపారు. నేను తోడల్లుడి వైపు చూస్తూ మీసం దువ్వాను.

నీళ్లు వదిలాను. కుళాయి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.

తోడల్లుడు కుళాయి మూతి విప్పాడు. లోపలి జల్లెడకి గోధుమరంగు ముద్ద అడ్డంపడి ఉంది. బ్రెడ్డు అంచు. మధ్యలోని మెత్తటి భాగం కరుగుతుంది గాని అంచు కరిగి చావదు. వాణ్ణి వెక్కిరించే సంబరంలో అంచు తీయడం మరిచిపోయాను.

మామగారు లేచి వచ్చి, వాడి పెట్టెలోంచి కాగితం పొట్లం తీసి విప్పారు. అంచులు శుభ్రంగా ఒలిచిన బ్రెడ్డు ముక్కలు.

"అన్నయ్యగారు నేర్పిందేనండీ" అన్నాడు తోడల్లుడు నన్ను చూపిస్తూ. గొంతులో వెటకారం లేదు. ఉన్నా బాగుండేది. నామీద నాకే రోత పుట్టింది.

మామగారు తాళాలు వాడి చేతిలో పెట్టి, నావైపు తిరిగారు.

"అల్లుడూ, ఆ తడిగుడ్డ విప్పి ముఖం తుడుచుకో."