మూడో నొక్కు

నేను ఒక కీబోర్డు మీద ఉండే సమానం గుర్తు బటన్ని. విజయవాడలో ఒక డీటీపీ షాపువాళ్లు మమ్మల్ని కొత్తగా కొన్నారు. పెళ్లిపత్రికల్లో నాకేం పని? ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చున్నాను. తర్వాత సెకండ్‌హ్యాండులో ఒక పాలిటెక్నిక్ కాలేజీ పరీక్షల విభాగానికి చేరాను. అక్కడ పద్మాకర్ గారు మార్కుల ప్రోగ్రాం రాస్తూ నన్ను తెగ వాడారు. వాడారే గానీ, నా సంగతి పూర్తిగా తెలుసుకోలేదు.

ఆయన ప్రోగ్రాం రాసే భాషలో నన్ను రెండుసార్లు నొక్కితే "ఇవి ఇంచుమించు ఒకటేనా?" అని అడిగినట్టు. సున్నానీ, ఏమీ రాయని గడినీ చూపించి అలా అడిగితే కంప్యూటర్ అవునంటుంది. మూడుసార్లు నొక్కితే రకం కూడా చూస్తుంది. అప్పుడు సున్నా ఒక అంకె, ఖాళీ వట్టి ఖాళీ. మార్కుల గడి ఖాళీగా ఉంటే ఆబ్సెంట్ వేయమని రాస్తూ ఈయన నన్ను రెండుసార్లే నొక్కారు. ఎవరికీ సున్నా రానన్నాళ్లూ బండి నడిచింది.

రెండో ఏడాది చదివే తబితకు కాలేజీలో పెట్టిన లెక్కల చిన్న పరీక్షలో సున్నా వచ్చింది. తెర మీద ఆబ్సెంట్ అని పడింది. సున్నా వచ్చినవాళ్లు ఏడాది చివర పెద్ద పరీక్ష రాయొచ్చు. ఆబ్సెంట్ అయినవాళ్లకు హాల్ టికెట్ ఇవ్వరు, ఏడాది పోయినట్టే.

"పరీక్షకి నేనొచ్చాను సార్. చివరిదాకా కూర్చున్నాను," అంది తబిత, పద్మాకర్ గారి బల్ల ముందు నిలబడి.

"సిస్టంలో లేదమ్మా. అయినా సున్నాకీ, రాకపోవడానికీ పెద్ద తేడా ఏముంది?"

నాకు ఒళ్లు మండిపోయింది. చెమటలు కక్కుతూ హాల్లో కూర్చున్న పిల్లా, ఇంట్లో ముసుగుతన్ని పడుకున్న పిల్లా ఒకటేనటయ్యా?

తబిత కదల్లేదు. "సున్నా నేను తెచ్చుకున్నది సార్. ఆబ్సెంట్ మీరిచ్చింది. నా సున్నా నాకిచ్చేయండి."

"ఎంత పొగరే," అని గొణుగుతూ ఆయన పేపర్ల కట్ట విప్పారు. తబిత పేపరు దొరికింది. లోపలంతా కొట్టివేతలు, పైన ఎర్ర సిరాతో సున్నా. ఆయన ప్రోగ్రాం తెరిచి చాలాసేపు తల గోక్కున్నారు.

"ఈ బటన్ సరిగ్గా పడట్లేదు," అన్నారు చివరికి, నన్ను గోటితో పొడుస్తూ.

హవ్వ! నేను పడకపోవడమేమిటి, మూడోసారి నొక్కితే కదా! తిట్టుకుంటూనే పడ్డాను, మూడోసారి. తబిత పేరు పక్కన సున్నా వచ్చి కూర్చుంది.

హాల్ టికెట్ పట్టుకుని ఆమె బయటికి పరుగెత్తింది. "ఏమైందే?" అని వరండాలో ఎవరో అడిగారు.

"సున్నా వచ్చింది!" అని తబిత కాలేజీ మొత్తానికీ వినబడేలా అరిచింది.