మోటారు ఆగినప్పుడు

తల్లి లూదియా భూస్థాపన ముగిసిన సాయంత్రం, నాలుగేళ్ల సలోమి తండ్రి చేతి ముద్ద తినలేదు. కరుణాకర్ బుజ్జగించాడు, కథ చెప్పబోయాడు, చివరికి కసిరాడు. పాప మూతి తిప్పుకుంది. లూదియా అక్క దెబోరా పిల్లను ఒళ్లోకి తీసుకుని, "మొగోనివి, నీ చేత యాడయితాదప్పా. కొన్నాళ్లు నా కాడ ఉండనీ" అంది. మంచి మనసుతోనే అంది. మరునాడు పొద్దున బస్సులో పిల్లను ఆళ్లగడ్డకు తీసుకుపోయింది.

అది డెబ్బై ఎనిమిదో సంవత్సరం. కొత్త వడ్లు మిల్లులకు వచ్చే కాలం.

కరుణాకర్ నంద్యాలలో ఒక బియ్యం మిల్లులో మోటారు చూసుకునేవాడు. మోటారు తిరుగుతున్నంతసేపూ చెవి దగ్గర అరిచినా వినపడదు. అందరూ చేతి సైగలతోనే పని నడుపుకుంటారు. ఆ రొదలో అతనికి తనలో తాను మాట్లాడుకునే అలవాటు పట్టుకుంది. మొదట దెబోరా అన్న మాటే. నీ చేత యాడయితాది. తర్వాత దానికి మరికొన్ని చేరాయి. పనికిమాలినోడా. పెండ్లాన్ని నిలుపుకోలేకపోతివి, అన్నం తినిపించను రాదు, నీకెందుకురా బిడ్డ. తవుడు దుమ్ము గొంతులో పడుతున్నా ఆపేవాడు కాదు. ఆదివారం ఆళ్లగడ్డ పోవాలని శనివారం అనుకునేవాడు. తెల్లారేసరికి ఆ మాటలే వాకిలికి అడ్డం నిలబడేవి. అట్లాగే ఎండాకాలం వచ్చేసింది.

ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా కరెంటు పోయింది. మోటారు తిప్పే తోలు పట్టా మెల్లగా సడలి ఆగింది. మోటారు ఆగిన సంగతి అతని నోటికి తెలియలేదు.

"దాన్ని తెచ్చుకోని ఏం జేస్తావురా? దాన్ని గూడా సంపుకుంటావా?"

మిల్లంతా వినింది.

బస్తాలు మోసే సుబ్బయ్య పకపకా నవ్వాడు. "ఎవురినప్పా అట్ల ఉతుకుతాండావ్? షావుకారునా?"

"ఎవురినీ లేదు."

బియ్యం చెరుగుతున్న జీవమ్మ చేట దించింది. పెద్దామె. లూదియా పోయిన రోజు ఇంట్లో పొయ్యి వెలిగించింది ఆమే. "నవ్వబాకు సుబ్బా. ఆయన్ను ఆయనే తిట్టుకుంటాండాడు" అని, కరుణాకర్ వైపు తిరిగింది. "ఇదే మాట నేనంటే నా మీదికొచ్చేటోడివి గదా?"

అతను చేతులకంటిన తవుడు దులుపుకున్నాడు.

"నీకు నువ్వంటే మాత్రం పడతాండావే. ఏం చాతగాదు నీకు? చెప్పు."

"జడేసేది రాదు" అన్నాడు.

సుబ్బయ్య మళ్లీ నవ్వబోయి ఊరుకున్నాడు.

"అంతేనా? ఈడ కూచో." సంచులు కుట్టే పురికొస మూడు పాయలు తీసి గోడ మేకుకు కట్టింది జీవమ్మ. కరెంటు వచ్చేదాకా అతని చేత అల్లించింది. మోటారు కదిలేముందు, "నీ నోరు ఊరికే ఉండదులే. ఉండకుంటే ఈ జడను తలుచుకోని ఈ మాట అను. అది వచ్చింది, ఇదీ వస్తాది" అంది.

అప్పటినుంచి రొదలో కొత్తమాట అనేవాడు. అంటున్నంతసేపు బాగుండేది. కాస్త ఏమరితే పాతది వచ్చి కూర్చునేది. దాన్ని తరిమి మళ్లీ కొత్తది. మేకులకు పురికొస జడలు వేలాడాయి. సుబ్బయ్య ఒకటి తలగుడ్డకు కట్టుకుని వయ్యారంగా నడిచాడు. చాన్నాళ్లకు కరుణాకర్ కూడా నవ్వాడు.

ఆ ఆదివారం ఎర్ర రిబ్బను కొనుక్కుని ఆళ్లగడ్డ బస్సు ఎక్కాడు. సలోమి మొదట దెబోరా కొంగు చాటున నిలబడింది. రిబ్బను చూసి వచ్చి ముందు కూర్చుంది. వెంట్రుకలు పురికొసలాంటివి కావు, వేళ్లలో నిలవవు. అయినా వేశాడు. జడ కొంచెం పక్కకు పోయింది. పాప చేత్తో తడిమి చూసుకుంది.

"నాయనా, నీకు వస్తాదా?"

"వచ్చింది."

గడపలో నిలబడిన దెబోరా కళ్లు తుడుచుకుంది. "నిన్ను అడగతానే ఉంది పిల్ల. బట్టలు సర్దేదా కరుణాకరా? తీస్కపోతావా?"

దారి పొడుగునా ఆ ప్రశ్నకే, తీసుకుపోతానని జవాబు చెప్పుకుంటూ వచ్చాడు. నోరు తెరిచాడు.

"నా చేత యాడయితాది వదినా."

ఇక్కడ మోటారు లేదు. అతని మాట అతనికి స్పష్టంగా వినిపించింది. పాపకూ వినిపించింది. దెబోరా చేతిలోకి తీసుకున్న సంచిని మళ్లీ కొక్కేనికి తగిలించింది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, అది వచ్చింది, ఇదీ వస్తాది, అనుకున్నాడు. పైకే అన్నట్టున్నాడు. పక్క సీటాయన తిరిగి చూశాడు. కరుణాకర్ ఆపలేదు.

సలోమి ఇంకా ఆళ్లగడ్డలోనే ఉంది.