సీట్లు లేవన్నాను

మా ఇళ్లల్లో టీ గిన్నె నిండా పోయకూడదు. నిండా పోస్తే తాగేసి ఇక బయల్దేరండి అన్నట్టు. సగమే పోయాలి, ఖాళీ కాగానే మళ్లీ అందుకుని మళ్లీ సగం పోయాలి. పదిమంది చుట్టాలు కూర్చున్నారంటే కోడలికి టీ నీళ్లు కాగే సమోవర్ దగ్గర నుంచి లేవడానికి ఉండదు. నాకు నలభై ఆరేళ్లు. అయినా ఆ ఇంట్లో టీ పోసే కోడల్ని ఇంకా నేనే. ఆ శనివారం మధ్యాహ్నం కూడా తలుపు పక్కన కూర్చుని పోస్తూనే ఉన్నాను. ఎదురుగా మా అక్క ఉల్మెకెన్ కూర్చుని ఉంది. పొద్దున్నే అత్యరావ్ నుంచి రైల్లో అల్మాటీలో దిగింది. రెండు రోజులకు పైగా ప్రయాణం, అదీ పై బెర్తు. ఉబ్బిపోయిన పాదాలను బల్ల కిందికి లాక్కుని, ఎవరికీ కనపడకుండా గౌను అంచు వాటి మీదికి జరుపుకుంటోంది.

అప్పుడే మా అత్తగారు, ఎవరో విమానం టికెట్లు దొరకడం లేదంటే, గొప్పగా అంది:

"మా బాల్జాన్ కార్డు ఉండగా దొరక్కపోవడమేంటి! గోల్డు కార్డమ్మా అది. ప్రతి విమానంలోనూ ఆ కార్డు వాళ్ల కోసం రెండు సీట్లు దాచే ఉంచుతారు. ఊరందరికీ లేవన్నా మా కోడలికి మాత్రం ఉంటాయి!"

గిన్నె నాకందించబోతున్న అక్క చెయ్యి మధ్యలో ఆగింది. నాకు తల కొట్టేసినట్టయింది. భూమి చీలితే బాగుండునని అందరూ అంటారు గానీ, నాకు అంత కూడా తోచలేదు. గిన్నె అందుకోవాలా వద్దా అనేది కూడా తోచలేదు. నెల కిందట అక్క ఫోన్ చేసి అడిగితే, సీట్లు లేవే అక్కా, ఒక్కటి కూడా లేదు, అని చెప్పింది నేనే.

"పండగ రోజుల్లో మరి దొరకవులెండి," అంది అక్క మా అత్తగారితో, తొణక్కుండా. "తప్పు నాదే. నేనే ఆలస్యంగా చెప్పాను."

ఆలస్యంగా చెప్పలేదు. నెల ముందే చెప్పింది. నన్ను కాపాడటానికి నా ఎదురుగానే అబద్ధమాడి, గిన్నె నా చేతికిచ్చి, "కొంచెం చిక్కగా పొయ్యి" అంది.

ఆ కార్డు ఎలా వచ్చిందో చెప్పుకోవాలి, లేకపోతే నా సిగ్గు ఎంతో మీకు తెలియదు. పద్నాలుగేళ్లుగా ఒక సోమవారం విడిచి ఒక సోమవారం అల్మాటీ నుంచి అత్యరావ్ వెళ్తున్నాను. చమురు కంపెనీలో భద్రతా తనిఖీ నా ఉద్యోగం. తెల్లవారకముందే లేచి, ఇంట్లో వాళ్లకు రెండు రోజుల వంట ఫ్రిజ్‌లో సర్ది, విమానం ఎక్కి, దిగి, మంచులో పైపుల మధ్య తిరిగి, మీటింగులో కూర్చుంటే మా అధికారి, "బాల్జాన్, మీ చేత్తో టీ పోస్తే ఆ రుచే వేరు" అంటాడు. తనిఖీ రిపోర్టు రాసింది నేను, సంతకం నాది, టీ కూడా నేనే పోయాలి. మా చిన్న పిల్ల పాలు తాగే రోజుల్లో విమానాశ్రయం బాత్రూంలో పాలు పిండి పారబోసిన దాన్ని. ఒళ్లు హూనమై ఇంటికొస్తే మా ఆయన ఎర్మెక్, "కూర్చునే వెళ్లావు, కూర్చునే వచ్చావు, అలసట దేనికి?" అని నవ్వేవాడు. చెడ్డవాడు కాదు. నవ్వుతూనే అనేవాడు. అదే నాకు మరీ మంటగా ఉండేది.

ఆ తిరుగుడుకి మైళ్లు పోగయ్యాయి. మైళ్లకి రివార్డు సీట్లు, అంటే డబ్బు పెట్టి కొనక్కర్లేని సీట్లు. మొదట వెండి కార్డు, తరువాత గోల్డు. గోల్డు వచ్చాక ఇంట్లో నా విలువ పెరిగిందనుకున్నాను గానీ, పెరిగింది కార్డు విలువ. అత్తగారు అంతాల్యా సముద్రం చూసొచ్చింది. బావగారు రెండుసార్లు ఇస్తాంబుల్ వెళ్లాడు. ఆడపడుచు సియోల్ వెళ్లి మొహానికి ఏదో చేయించుకొచ్చింది. మా ఆయన ఫుట్‌బాల్ చూడ్డానికి వెళ్లాడు. ఎప్పుడు సీట్లు తెరుస్తారో, ఏ రోజు వెళ్తే తక్కువ మైళ్లు పడతాయో, తిరుగు ప్రయాణం ఎటు తిప్పాలో, అంతా నేనే చూసిపెట్టాలి. ఉల్లిపాయలు వేగుతుండగా ఒక చేత్తో గరిటె, ఒక చేత్తో ఫోను. "అమ్మకి నడవ పక్కన సీటు చూడు", "అన్నయ్యకి సామాను ఎక్కువుంటుంది, నీ కార్డు మీద రాయించు". పద్నాలుగేళ్లలో నేను ఒక్కసారి కూడా రివార్డు సీట్లో కూర్చోలేదు. ఎవరూ వద్దనలేదు. నేనే అడగలేదు. ఇది చెప్పుకోవడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది.

ఇంకోటుంది. ఆ సోమవారాలన్నీ అత్యరావ్‌లో నేను హోటల్లో ఉండేదాన్ని కాదు, అక్క దగ్గర ఉండేదాన్ని. అమ్మ పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్లు, అక్కకి పంతొమ్మిది. చేపల ఫ్యాక్టరీలో పనికి చేరి నన్ను చదివించింది. ఇప్పటికీ నేను దిగేసరికి పులుసు వేడిగా ఉంచుతుంది, నా బూట్లు హీటరు పక్కన ఆరబెడుతుంది, తన మంచం నాకిచ్చి తను నేల మీద పడుకుంటుంది. ఆ మైళ్లలో సగం ఆమె వండిపెట్టిన అన్నమే. పద్నాలుగేళ్లలో ఆమె నన్నడిగింది ఒకే ఒక్కసారి.

"ఎడమ కన్ను మసకేసిందే. అల్మాటీ కంటాసుపత్రిలో చూపించుకోమన్నారు. నీ దాంట్లో ఒక సీటు వస్తుందా? ఊరికే వస్తేనే సుమా. డబ్బు పెట్టి కొన్నావంటే ఎక్కను."

అప్పుడు ఫోను నా చేతిలోనే ఉంది. చూశాను. రెండు సీట్లున్నాయి. కానీ రివార్డు సీటు ఎవరికి పడితే వాళ్లకి ఇవ్వడానికి లేదు. కార్డు మీద ఐదుగురి పేర్లు రాయించాలి, వాళ్లకే తీసుకోవాలి. గోల్డు వాళ్లు ఏడాదికి ఒక్క పేరు మార్చుకోవచ్చు. నా ఐదు పేర్లు ఏమిటనుకున్నారు? అత్తగారు, ఎర్మెక్, బావగారు, ఆడపడుచు, ఆడపడుచు కొడుకు దాస్తాన్. మా అక్క పేరు లేదు. రాయించాలన్న ఆలోచన కూడా ఏనాడూ రాలేదు. ఈ ఏడాది మార్చుకోగలిగిన ఆ ఒక్క పేరూ దాస్తాన్ పెళ్లాడబోయే పిల్లకని అత్తగారు అప్పటికే అనేసి ఉంది. ఆమెతో గొడవెందుకు, ఎర్మెక్ మొహం మాడ్చుకుంటాడు, పెళ్లి ముందు రభస అవుతుంది, ఇవన్నీ ఒక్క నిమిషంలో నా తలలో తిరిగాయి. నోరు దానంతటదే, "సీట్లు లేవే అక్కా" అనేసింది.

"పర్లేదులే. రైలుంది కదా," అంది అక్క. ఎంత తేలిగ్గా అంది!

అలా వచ్చింది. వస్తూ మా అత్తగారికి ఎండుచేపలు, నాకు అల్లిన మేజోళ్లు తెచ్చింది. స్టేషన్లో మెట్లు దిగుతుంటే ఎడమ పక్క మెట్టు కనపడక తూలింది. పట్టుకున్నాను. "రైల్లో అందరూ మంచివాళ్లే, కింది బెర్తు కుర్రవాళ్లు నన్ను పైకి ఎత్తి పెట్టారు, బంగాళాదుంపల బస్తాలాగా!" అని పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను. అంత నీచంగా నేనెప్పుడూ నవ్వలేదు.

అత్తగారి మాట తరువాత బల్ల దగ్గర ఎవరికీ ఏమీ పట్టలేదు. మాంసం పళ్లెం తిరుగుతోంది. అప్పుడు దాస్తాన్ గొంతు సవరించుకుని లేచాడు. ఇరవై ఏడేళ్లవాడు, బ్యాంకులో పని, మంచి మాటకారి.

"మామయ్యా, నాకు ఒకటి మిగిలి ఉంది. గుర్తుందా?"

అందరూ ఓహో అని చప్పట్లు కొట్టారు. మా వాళ్లలో మేనల్లుడు మేనమామ ఇంట్లో మూడుసార్లు ఏదైనా కోరి తీసుకోవచ్చు. మేనమామ కాదనకూడదు, కాదంటే ఆ ఇంటికి కీడు. పూర్వం గుర్రాల మందలోంచి నచ్చిన గుర్రాన్ని తోలుకెళ్లేవాళ్లు. దాస్తాన్ పదేళ్లప్పుడు సైకిలు అడిగాడు, చదువు అయ్యాక ఎర్మెక్ పాత కారు అడిగాడు. ఇది మూడోది.

"పెళ్లయ్యాక నాకూ ఇంకార్‌కీ మాల్దీవులకి రెండు సీట్లు కావాలి. ముందు వరసలో!"

ఎర్మెక్ తొడ చరిచి, "ఇచ్చేశాను పోరా! మూడోది కూడా తీసేసుకున్నావు, ఇంక నా గడప తొక్కకు!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. అత్తగారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కొడుకు దానగుణం చూసి. ఒక్కరైనా నా వైపు చూస్తారేమోనని చూశాను. చూశారు. "టీ" అని బావగారు గిన్నె చాపాడు.

నీళ్లు తెచ్చే నెపంతో వంటింట్లోకి వెళ్లాను. వెనకే అక్క వచ్చింది, గోడ పట్టుకుంటూ. తలుపు దగ్గరికి వేసింది.

"అక్కా," అన్నాను. కొళాయి తిప్పి, ఆ చప్పుడులో చెప్పాను. "ఆ రోజు సీట్లున్నాయి. రెండున్నాయి. చూస్తూ చూస్తూ లేవని చెప్పాను."

అక్క కొళాయి కట్టేసింది.

"తెలుసే."

"ఎలా తెలుసు?"

"మా పక్కింటి పిల్ల విమానాల ఆఫీసులో పనిచేస్తుందిగా. గోల్డు కార్డుకి ఉంటాయే అంది. నీ పేరు చెప్పలేదులే దానికి."

"తెలిసి మరి రైల్లో ఎందుకొచ్చావు? ఆ పై బెర్తులో, ఆ కాళ్లతో! నన్ను నాలుగు తిట్టొచ్చుగా? ఫోనులోనే తిట్టొచ్చుగా?"

"కంటి కోసమే అయితే వచ్చే నెల డాక్టర్లు మా ఊరికే వస్తున్నారు. ఆగేదాన్ని." అక్క నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని కుడి కంటికి దగ్గరగా లాక్కుంది. "నువ్వు చిన్నప్పుడు పంచదార దొంగిలించి కూడా నాకు చెప్పేసేదానివి. అలాంటిదానివి నాతో అబద్ధమాడావంటే ఈ ఇంట్లో నీకెంత కష్టముందో, ఒకసారి చూసి పోదామని వచ్చాను."

నేను ఏడుస్తాననుకున్నాను. ఏడుపు రాలేదు. సిగ్గు మాత్రం కాళ్ల నుంచి తలదాకా పాకింది. ఇన్నాళ్లూ అలిసిపోయినందుకు, గొడవంటే భయపడినందుకు నన్ను చూసి నేనే జాలిపడుతూ వచ్చాను. ఆ జాలి ఖర్చంతా ఈ మనిషి కాళ్ల వాపులో కనపడుతోంది. నన్ను ఎవరూ బెదిరించలేదు. ఎవరూ కొట్టలేదు. ఒక్క మాట అంటే మొహాలు మాడతాయని, ఆ ఒక్క మాట మిగుల్చుకోవడానికి అక్కని అమ్మేశాను.

"ఇప్పుడేం అనకు వాళ్లని," అంది అక్క. "నేను వెళ్లాక చూసుకో. పెళ్లి ఇల్లు."

"నువ్వెళ్లాక ఏమీ చూసుకోను అక్కా. నా సంగతి నాకు తెలుసు."

వెళ్లి సమోవర్ దగ్గర కాదు, అక్క పక్కన కూర్చున్నాను. ఫోను తీశాను. దాస్తాన్ సంబరంగా వంగి, "అత్తా, ఇంకార్ పాస్‌పోర్టు నంబరు చెప్పనా?" అన్నాడు.

"ఒక్క నిమిషం ఉండరా," అని, చేయాల్సింది చేశాను. అర నిమిషం కూడా పట్టలేదు. పద్నాలుగేళ్లు పట్టిన పని.

"ఇప్పుడు చెప్పనా?"

"వద్దు నాయనా. ఏడాదికి ఒక పేరే మార్చడానికి వీలు. మార్చేశాను. మా అక్క పేరు రాశాను."

ఎర్మెక్ ఇంకా నవ్వు మొహంతోనే ఉన్నాడు. "అదేంటి? మేనల్లుడు అడిగాడు, నేను ఇచ్చానన్నాను. అందరూ విన్నారు."

"నిన్ను అడిగాడు, నువ్విచ్చావు. ఇవ్వు. మేనమామవి నువ్వు. నేను బయట నుంచి వచ్చినదాన్నని ఇరవై రెండేళ్లుగా మీరే చెప్తున్నారుగా. ఆ మైళ్లు నాతోపాటు బయటే తిరిగాయి."

దాస్తాన్ చెవులు ఎర్రబడ్డాయి. పాపం, వాడి మీద నాకు కోపం లేదు. అత్తగారు మెల్లగా, "పండగ రద్దీలో ఆలస్యంగా చెప్పానని మీ అక్కే అందిగా, ఇప్పుడు దానికి..." అని మొదలుపెట్టింది.

"ఆలస్యంగా చెప్పలేదు అత్తయ్యా. నెల ముందు చెప్పింది. రెండు సీట్లున్నాయి. మీకు సమాధానం చెప్పుకోలేక, లేవని అబద్ధం చెప్పి, కన్ను కనపడని మనిషిని రైలెక్కించాను. నా పరువు కాపాడటానికి ఇందాక అలా అంది."

చెప్తుంటే నా మొహం కాలిపోతోంది. అంతమంది ముందు నా నీచం నేనే పరిచాను. ఆడపడుచు కళ్లు దించుకుంది. అత్తగారు అడిగింది, ఇంకేదీ తోచక కాబోలు:

"ఐదుగురిలో ఎవరి పేరు తీశావు?"

"మీ అబ్బాయిది."

ఎర్మెక్ గిన్నె బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. నేను అతని వైపు చూడలేదు. చూస్తే ఆగిపోతానని భయం. ఫోనులో సీట్ల పటం తెరుచుకుంది. అత్యరావ్ తిరుగు విమానం, గురువారం మధ్యాహ్నం. దాన్ని అక్క ముందుకి జరిపాను.

"అక్కా, నడవ పక్కనా, కిటికీ పక్కనా?"

అక్క తల వంచి, ఫోనుని కుడి కంటికి ఆనించినంత దగ్గరగా పట్టుకుని చూసింది.

"కిటికీ పక్కనే పెట్టు," అంది. "ఒకటి బాగానే ఉందిగా."