విధవరాలి చేను

ఐర్లండులో మా చర్చి కిందికొచ్చే పారిష్‌లోని చేలకూ వాగులకూ గుట్టలకూ ఉన్న పాత ఐరిష్ పేర్లను, వాటి అర్థాలతో సహా పుస్తకంగా వేద్దామని కమిటీ వేసుకున్నాం. పేర్లు సేకరించే పని నాది. రెండేళ్లు బురద తొక్కి, ముసలివాళ్ల వంటిళ్లలో టీలు తాగి నాలుగు వందలకు పైగా పోగుచేశాను. వాటిలో ఒక్కటి కొట్టేయమన్నాడు ఫెస్టీ మల్‌రో.

గారీ నా బాంత్రీ. విధవరాలి చేను అని అర్థం. ఆ విధవరాలు మా ముత్తవ్వ ఓనోరా. జమీందారు మనుషులు ఆమె ఇంటికప్పు పీకి బయటికి గెంటితే, వారం తిరక్కుండా ఆ నేల పట్టేసినవాడు ఫెస్టీ ముత్తాత. ఆమె రోడ్డు పక్కనే పోయింది. సమాధి మీద రాయి కూడా లేదు. మావాళ్లను ఆ చేలో ఈనాటికీ కాలు పెట్టనివ్వరు మల్‌రోలు. ఆమెకంటూ మిగిలింది ఆ పేరొక్కటే.

ఆదివారం చర్చిలో పూజయ్యాక హాల్లో చివరి మీటింగు.

“ఆ పేరే లేదు,” అన్నాడు ఫెస్టీ. “మా ఇంట్లో అందరం పెద్ద చేను అనే అంటాం. ఎక్కణ్ణుంచి పుట్టించావో మరి, డీలియా.”

“మా నేల మింగింది చాల్లేదా? పేరు కూడా మింగుతావా?”

“నెమ్మది, డీలియా,” అని నసిగాడు చైర్మన్ జార్లత్. “చేను వాళ్లది కదా. సరే, తీసెయ్యాలన్నవాళ్లు చేతులెత్తండి.”

ఒళ్లు మండిపోయింది నాకు. వంటింట్లో కూచోబెట్టి నాకు టీ పోసినవాళ్లే చేతులెత్తుతున్నారు. అప్పుడే ఫెస్టీ ఫోన్ మోగింది, ఇంటి దగ్గర్నుంచి కొడుకు ఎండా. చెవుడు కాబట్టి ఫోన్లో అరిచే మాట్లాడతాడు.

“ఏంటీ? పెయ్యలు కంచె తెంచుకున్నాయా? ఒరేయ్ ఎండా, వెంటపడకురా, రోడ్డెక్కుతాయి! గారీ నా బాంత్రీలోకి తోలు! గారీ నా బాంత్రీ గేటు తియ్యి, వస్తున్నా!”

ఎత్తిన చేతులు ఒక్కొక్కటే దిగాయి.

“పేరుంచు, డీలియా,” అన్నాడు జార్లత్, నా మొహం చూడకుండా.

పేరు నిలిచింది కానీ నా కోపం చల్లారలేదు. పశువులు తప్పించుకుంటే మా దగ్గర పగవాడైనా పరిగెత్తాల్సిందే. అందరితో పాటు నేనూ వెళ్లి, రోడ్డుకు అడ్డంగా చేతులు చాపి పెయ్యల్ని మళ్లించాను. వాటి వెనకే గేటు దాటి గారీ నా బాంత్రీలోకి నడిచాను.

“ఇంక బయటికి రా,” అన్నాడు ఫెస్టీ రొప్పుతూ. “గేటెయ్యాలి.”

“వేసుకో. మా ముత్తవ్వను గెంటారు, నేను మాత్రం రాను.”

గేటు గొలుసు పట్టుకుని నిలబడ్డాడు. నేను కదల్లేదు.