శోధనపేటికను తడిమిన చేయి

శ్రావణజలధరచ్ఛాయాశ్యామలమై నింగికిని నీటికిని మేర తెలియనీయక వ్యాపించిన కాకినాడ సాగరతీరమున సాయంసమయ మగుచుండెను. దారితప్పి యిల్లు మఱచిన వృద్ధుల కాశ్రయమైన యొక శరణాలయమున విశ్వపతిరావు కంప్యూటరున కెదురుగా నిశ్చలుడై కూర్చుండియుండెను. భార్యావియోగానంతర మాయన యచటి వెబ్‌సైటును గనిపెట్టుకొని కాలము గడపుచుండెను.

నిస్సహాయుల ముఖములు సంతసరకువలె నెల్లర కన్నుల బడరాదను మర్యాదచే నాయన వారి పుటలకు లింకు లేమియు నుంపక యొక్క శోధనపేటికను మాత్రము నిలిపెను. అందు ఆనవాలు వ్రాసి యడిగినవారికే పుట తెఱచుకొనును. ఆ మర్యాదయే గోడ యయ్యెను. తన పేరైన నెఱుగక యచట చేరిన యొక మామ్మకై యెవరైన వత్తురను ఆశ సన్నగిల్లుచుండెను.

ఆనా డెవరో యడుగుచుండిరి. తొలిపుటలో నాయన మచ్చునకు వ్రాసిన మాటలే, గాజులు, పుట్టుమచ్చ, పచ్చబొట్టు, ఒకదానివెనుక నొకటి తొట్రుపాటు లేక శోకము లేక సమానవిరామములతో పేటికలో బడుచు నాయన తెరమీది చిట్టాలో మొలచుచుండెను. లోకమందలి వెబ్‌సైటులను జదివి భద్రపఱచు శోధనయంత్ర మదియని యాయన యెఱుగును. లింకు లేనిచోట నట్టి యంత్రము పుటలోని మాటలనే యేఱి పేటికలో వేసి చూచునని చదివియుండెను. ఐనను పర్యవేక్షకురాలిని బిలిచి చూపెను.

"మూసెయ్యండి మాస్టారూ," అనెను పర్యవేక్షకురాలు మార్తమ్మ. "మనిషి కానిదానికి మన ముసలోళ్ళతో ఏం పనండీ?"

గోడవార గూర్చున్న మామ్మ తన చేతిమీది తేలు పచ్చబొట్టును నిమురుకొని నవ్వెను.

"మా ఆయనేనమ్మా. కళ్ళు కనపడవు గదా, తడుముకుంటా వత్తన్నాడు. తలుపేసేత్తే ఎలాగొత్తాడు?"

యంత్రములను నిషేధించు వాక్యమును వ్రాయబోయిన విశ్వపతి వ్రేళ్ళు ఆగెను. తలుపు తెఱచియే యుండెను; పచ్చబొట్టను మాటకు మామ్మ పుట యా యంత్రమునకు దొరకెను.

కొన్నిదినములకు తునినుండి యొక స్త్రీ యేడ్చుచు వచ్చెను. తేలు పచ్చబొట్టు గల తల్లికై ఫోనులో వెదుకగా నీ పుట యెదురయ్యెనట.

"ఎక్కడెక్కడ తిరిగామే అమ్మా!"

"మీ నాన్నేడే? ఆయనేగా నన్ను ఎతికి పట్టుకుంది."

"నాన్న పోయి చానాళ్ళయిందే," అని కూతురు తల్లిని హత్తుకొనెను.

వారు వెడలిన పిమ్మట విశ్వపతి యా పుటను తొలగించెను. దయ యనునది తన్నుతా నెఱుగని చేతితోను తలుపు తట్టునని తలచుచుండగా, పేటికలో పచ్చబొట్టు అను మాట మరల మొలచెను. లేదని వెబ్‌సైటు బదులిచ్చెను. ప్రేమయు దుఃఖమును లేని యా యన్వేషణము క్షణమాగి మఱియొక మాట నడిగెను: ఊతకఱ్ఱ.

వెనుక వసారాలో నెవరిదో యూతకఱ్ఱ టక్కుటక్కుమని యా గదివైపునకు వచ్చుచుండెను.